శనిగ్రహపు బ్యాండు మాస్టారు – సన్ రా సంగీత సంకలనం: ఒక పరిచయం

పాశ్చాత్య సంగీతం మాటెత్తితే మన విద్యార్థి మిత్రుల్లో రెండు రకాల అభిప్రాయాలు వినిపిస్తాయి. "అబ్బో, చాలా గొప్పది" అనేవారు కొందరు. "అదంతా వట్టి గోల" అనేవారు మరి కొందరు. విచిత్రమేమిటంటే ఈ ఇద్దరిలో చాలామంది దాన్ని కూర్చుని వినలేదు. ఈ వ్యాసంలో నేను పరిచయం చేయబోయే మనిషిని సొంత దేశంలోనే సగంమంది పిచ్చివాడన్నారు. మిగతా సగం మహానుభావుడన్నారు. ఆయన పేరు సన్ రా. జాజ్ సంగీతంలో ప్రయోగాలకు ఆద్యులైన వారిలో ఒకడు. సుమారు నలభై ఏళ్లు ఒకే బృందాన్ని నడిపిన బ్యాండు మాస్టారు.

2014లో, సన్ రా పుట్టి 100 ఏళ్లయిన సందర్భంగా, 'ఇన్ ది ఆర్బిట్ ఆఫ్ రా' అనే సంకలనం రెండు సీడీలుగా వెలువడింది. 20 రచనలున్న ఈ సంకలనాన్ని కూర్చినవాడు ఆయన శిష్యుడు మార్షల్ అలెన్. దీన్ని ముందు పెట్టుకుని మూడు సంగతులు చర్చిస్తాను. ఆ మనిషి ఎవరు? ఆ సంగీతాన్ని మనవంటివారు ఎలా వినాలి? ఇలాంటి సంకలనం నుంచి మనం నేర్చుకోవలసింది ఏమైనా వుందా?

జాజ్ మనకు మరీ పరాయిది కాదని ముందుగా మనవి చేయాలి. 1963లో డ్యూక్ ఎల్లింగ్టన్ బృందం అమెరికా ప్రభుత్వం తరఫున మన దేశంలో పర్యటించినప్పుడు ఆ జాబితాలో హైదరాబాదు కూడా వుంది. 1983లో మన పాలకొల్లు కుర్రవాడు మాండలిన్ శ్రీనివాస్ 14 ఏళ్ల వయసులో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో కర్ణాటక సంగీతం వాయించి వచ్చాడు. దారి రెండువైపులా తెరిచే వుందన్నమాట.

ఎవరీ మనిషి?

ఆయన అసలు పేరు హెర్మన్ పూల్ బ్లౌంట్. 1914 మే 22న అమెరికా దక్షిణాన అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్‌లో పుట్టాడు. ఇనుము, ఉక్కు కర్మాగారాల ఊరు అది. నల్లవారికి వేరే బడి, వేరే వీధి, బస్సులో వేరే చోటు అని చట్టమే రాసిపెట్టిన ఊరు. రైల్వే స్టేషను ముందు మాత్రం 'మ్యాజిక్ సిటీ', అంటే ఇంద్రజాల నగరం అని పెద్ద అక్షరాల బోర్డు వుండేది. ఆ ఇంద్రజాలం ఎవరి కోసమో నల్లపిల్లలకు చిన్నప్పుడే అర్థమయ్యేది.

చిన్ననాటి నుంచి పియానో వాయించాడు. ఊరికి వచ్చిన పెద్ద పెద్ద నల్లజాతి బ్యాండ్లన్నీ విన్నాడు. ఉపాధ్యాయ శిక్షణ కోసం కాలేజీలో చేరి ఏడాది చదివి మానేశాడు. 1942లో సైన్యంలోకి రమ్మని పిలుపు వస్తే, మనుషుల్ని చంపడం నా వల్ల కాదని నిరాకరించాడు. జైల్లో పెట్టారు, తర్వాత శిబిరానికి పంపారు. 1943లో ఆరోగ్యం బాగాలేదని వదిలేశారు. ఆ రోజుల్లో, ఆ రాష్ట్రంలో, ఒక నల్లవాడు అలా ఎదురు చెప్పడం చిన్న సంగతి కాదు.

తర్వాత షికాగో చేరాడు. తను చిన్నప్పటి నుంచి ఆరాధించిన ఫ్లెచర్ హెండర్సన్ బ్యాండులో 1946-47లో పియానో వాయించాడు. పాత పద్ధతి పెద్ద బ్యాండ్లకు స్వరాలు ఎలా పేర్చాలో దిద్దిన మేస్త్రీలలో హెండర్సన్ ఒకడు. ఈ ఒక్క విషయం మీరు గుర్తుంచుకోవాలి. సన్ రా నియమాలు తెలియక వాటిని పక్కన పెట్టినవాడు కాదు. నియమాలు రాసినవారి దగ్గర పని నేర్చుకుని, ఆ తర్వాత ముందుకు వెళ్లినవాడు.

శని మాట ఏమిటి?

1952లో కోర్టు ద్వారా పేరు మార్చుకున్నాడు. పాత పేరు బానిసత్వపు గుర్తు అన్నాడు. 'రా' ప్రాచీన ఈజిప్టు సూర్యదేవుడి పేరు. అంతటితో ఆగలేదు. నేను భూమి మీద పుట్టలేదు, శనిగ్రహం నుంచి వచ్చాను అని జీవితాంతం చెప్పుకున్నాడు.

మన ఇళ్లల్లో శని అంటే హడలు. శనివారం నువ్వుల నూనె పోసి, ప్రదక్షిణం చేసి, "నాయనా, మా జోలికి రాకు" అని దండం పెట్టి వస్తాం. అలాంటి గ్రహాన్ని ఈయన పుట్టిల్లు అన్నాడు! ఇంకో తమాషా కూడా వుంది. మన పురాణాల్లో శని సూర్యుని కొడుకు. సూర్యుడి పేరు పెట్టుకుని శని నుంచి వచ్చానన్న మనిషి మన పంచాంగకర్తలకు అర్థమైనంతగా అమెరికా పత్రికలవారికి అర్థమై వుండడు.

నవ్వులాట పక్కన పెడితే, దీన్ని పిచ్చి అనడం తొందరపాటు. భూమి మీద తనకు సమాన స్థానం లేదని చట్టమే చెప్పినప్పుడు, "అయితే నేను ఈ భూమివాణ్ణే కాదు" అనడంలో ఒక తర్కం వుంది. మన సాహిత్యంలోనే దీనికి తోబుట్టువు లాంటి ఊహ కనిపిస్తుంది. 1941లో గుర్రం జాషువాగారు 'గబ్బిలం' రాశారు. గుడిలోకి రానివ్వని మనిషి తన మొర శివుడికి చేరవెయ్యడానికి గబ్బిలాన్ని పంపుతాడు. నేల మీద దారి మూసేస్తే ఆకాశం మీదుగా కబురు పంపాడన్నమాట. జాషువాకు గబ్బిలం ఎలాగో సన్ రాకు రాకెట్టు అలాగ. రెండూ నేల మీది అన్యాయం గురించే. 

సురభివారి వంటి కాపురం

బృందం పేరు 'ఆర్కెస్ట్రా' అనే మాటను కాస్త మార్చి 'ఆర్కెస్ట్రా' లాగే పలికేటట్టు పెట్టుకున్నాడు. మొదటి మూడక్షరాల్లో ఓడ అనే అర్థం వస్తుంది. ప్రళయంలో జీవుల్ని కాపాడిన ఓడ. 1950ల్లో షికాగోలో మొదలై, 1961లో న్యూయార్కుకు, 1968లో ఫిలడెల్ఫియాకు ఈ ఓడ ప్రయాణం చేసింది. ఫిలడెల్ఫియాలో మార్టన్ వీధిలోని ఒక వరస ఇంట్లో చాలామంది వాద్యకారులు గురువుతో పాటే కాపురం వున్నారు. అక్కడే తిండి, అక్కడే సాధన.

మన సురభి నాటక సమాజాన్ని చూసినవారికి ఇది సులభంగా బోధపడుతుంది. 1885లో కడప జిల్లాలో మొదలైన సురభివారిలో ఇల్లే కంపెనీ, కంపెనీయే ఇల్లు. 'మాయాబజార్'లో మంటలు, మాయలు, మెరుపులు చూపించేది కుటుంబసభ్యులే. సన్ రా బృందం కూడా తళుకుల అంగీలు, ఈజిప్టు కిరీటాలు, దీపాలు, నాట్యకత్తెలతో కచేరీని ఒక నాటకంలాగా నడిపేది. చూసినవారు వేషం చూసి ఆగిపోయారు. వేషం వెనుక గంటల తరబడి సాగిన సాధన వుందని గమనించినవారు తక్కువ.

ఆయన తన శిష్యులకు పదే పదే చెప్పిన మాట క్రమశిక్షణ. 'డిసిప్లిన్' అనే పేరుతోనే వరుసగా రచనలు చేశాడు. అర్ధరాత్రి లేపి కొత్త స్వరాలు చేతికివ్వడం, పగలంతా సాధన చేయించి చివరికి కచేరీలో వేరేవి వాయించమనడం ఆయనకు మామూలు. దీన్ని భరించి జాన్ గిల్మోర్ వంటి శాక్సఫోను విద్వాంసుడు 1953 నుంచి గురువు పోయేదాకా దాదాపుగా వెంటే వున్నాడు. ప్రపంచ ప్రసిద్ధుడు జాన్ కోల్ట్రేన్ అంతటివాడు గిల్మోర్ వాయింపు విని ప్రభావితుడయ్యాడు. గిల్మోర్ శాశ్వతంగా విడిగా వెళ్లివుంటే పేరు, డబ్బు రెండూ వచ్చేవి. వెళ్లలేదు.

రికార్డుల సంగతి కూడా అంతే. పెద్ద కంపెనీలు రాకపోతే, 1950ల్లోనే మిత్రుడు ఆల్టన్ అబ్రహాంతో కలిసి 'సాటర్న్' అనే సొంత రికార్డు సంస్థ పెట్టుకున్నాడు. కొద్ది కొద్దిగా అచ్చు వేయడం, అట్టల మీద చేత్తో బొమ్మలు గీయడం, కచేరీ అయ్యాక వేదిక దగ్గరే అమ్మడం. అట్ట మీద ఎవరు ఏ వాద్యం వాయించారో, ఏ తేదీన వాయించారో చాలాసార్లు వుండదు. మొత్తం మీద నూటికి పైగా ఆల్బములు. 1993 మే 30న పుట్టిన ఊరిలోనే కన్నుమూసే నాటికి ఆయన సంగీతం ఒక చెల్లాచెదురైన అడవి.

సంకలనం ఎందుకు అవసరమైంది?

అడవిలోకి కొత్తవాడు ఎటునుంచి వెళ్లాలి? అసలు చిక్కు ఇదే. ఒకడు 1965 నాటి రికార్డు తీసి వింటాడు. చెవులు మూసుకుని పారిపోతాడు. ఇంకొకడు 1959 నాటిది వింటాడు. "ఇంత చక్కని పాత పద్ధతి బ్యాండును ప్రయోగం అంటారేం?" అంటాడు. ఇద్దరూ విన్నది ఒకే మనిషినని ఇద్దరికీ తెలియదు.

మార్షల్ అలెన్ చేసిన పని ఈ రెండు చెవుల్నీ కలపడం. 1924లో పుట్టిన అలెన్ 1958లో బృందంలో చేరాడు. గురువు తర్వాత గిల్మోర్, గిల్మోర్ కూడా 1995లో పోయాక తనే బృందాన్ని నడిపాడు. ఈ సంకలనం కూర్చేనాటికి ఆయనకు 90 ఏళ్లు. అసలు టేపుల నుంచి శుభ్రం చేసిన ధ్వనితో, అంతవరకు వెలువడని కొన్ని రికార్డింగులు కూడా చేర్చి దీన్ని తెచ్చారు. కంపెనీ గుమాస్తా అమ్మకాల లెక్క చూసి ఏరినది కాదు. ఆ రచనల్లో చాలావాటిలో స్వయంగా ఊదినవాడు ఏరినది. కాబట్టి ఈ ఎంపికను ఒక శిష్యుని సాక్ష్యంగా వినాలని నా మనవి.

ఎలా వినాలి?

జాజ్ శాస్త్రం తెలియకపోయినా ఫరవాలేదు. మన సంగీతంలో మనకు తెలిసిన మాటలతోనే మొదలుపెట్టవచ్చు. జాజ్‌లో ముందు ఒక పల్లవి లాంటిది అందరూ కలిసి వాయిస్తారు. తర్వాత ఒక్కొక్కరే మనోధర్మం చూపుతారు. మళ్లీ అందరూ పల్లవికి వస్తారు. ఈ చట్రం చేతిలో పెట్టుకుని సంకలనంలో ఈ ఐదు రచనలు వరుసగా వినండి.

ఒకటి, 'ఏన్షియంట్ ఏథియోపియా'. 1959 నాటిది. స్వరసంచారం పెద్దగా మారని ఒకే ఆధారం మీద నెమ్మదిగా నడుస్తుంది. పాశ్చాత్యులకు ఇది కొత్తగా తోచింది. తంబూరా శ్రుతి మీద రాగాలాపన విన్న మనకు ఇది వెంటనే అందుతుంది. డ్రమ్ముల గంభీరం, వేణువుల మెత్తదనం గమనించండి.

రెండు, 'ది లేడీ విత్ ది గోల్డెన్ స్టాకింగ్స్'. దాదాపు అదే కాలం. ఇందులో డోళ్లు, గంటలు, చిరు వాద్యాలు ముందుకు వస్తాయి. ఊదేవాళ్లు కూడా తాళవాద్యాలు పట్టుకునేవారు. ఆఫ్రికాను వెతుక్కునే ప్రయత్నమిది. హైదరాబాదువాళ్లం మనం దీన్ని విని ఆశ్చర్యపోనక్కర లేదు. నిజాం కాలంలో ఆఫ్రికా నుంచి వచ్చిన అశ్వికుల పేరుమీదనే ఏసీ గార్డ్స్ పేట వెలసింది. సిద్దీలు వాయించే మర్ఫా మోత ఇప్పటికీ మన పెళ్లి ఊరేగింపుల్లో వినిపిస్తుంది.

మూడు, 'ఏంజెల్స్ అండ్ డెమన్స్ ఎట్ ప్లే'. 1960 నాటిది. రానీ బాయ్‌కిన్స్ బేసు వాద్యం మీద ఐదు దెబ్బల నడకను పట్టుకుని వదలడు. మన ఖండగతి తెలిసినవారు 'తకతకిట' అని వేళ్ల మీద లెక్కపెట్టుకోవచ్చు. దాని మీద మార్షల్ అలెన్ వేణువు తేలుతూ పోతుంది. మూడు నిమిషాల లోపే ముగుస్తుంది. ఎవరైనా సన్ రాది గోల అంటే ముందు ఇది వినిపించండి.

నాలుగు, 'రాకెట్ నంబర్ నైన్'. ఇది కూడా 1960 నాటిదే. స్పుత్నిక్ ఎగిరి మూడేళ్లు, గగారిన్ ఎగరడానికి ఇంకా ఏడాది. వాద్యకారులంతా గొంతు కలిపి కేకలు వేస్తారు, మన బుర్రకథలో వంతలు అందుకున్నట్టు. ఆ సరదా మధ్యలోంచి గిల్మోర్ శాక్సఫోను ఒక్కసారిగా విసురుగా లేస్తుంది. నవ్వు ఎక్కడ ఆగింది, తీవ్రత ఎక్కడ మొదలైంది అన్నది పట్టుకోవడం కష్టం. అదే దాని అందం.

ఐదు, 'ఆస్ట్రో బ్లాక్'. 1972 నాటిది. జూన్ టైసన్ అనే గాయని గొంతు ఇందులో ప్రధానం. 1968 నుంచి ఆమె బృందంలో వుంది. గొంతు చుట్టూ వాద్యాలు తమ తమ దారిన పోతున్నట్టు అనిపిస్తాయి. మొదటి నాలుగూ విని వస్తే మాత్రం, బేసు ఎక్కడ నిలబెడుతోందో, ఊదేవాళ్లు ఎవరి సైగకు లేస్తున్నారో చెవికి ఆనుతుంది. సన్ రా చేతి సైగతో బృందమంతా ఒక్కపెట్టున పెద్ద మోత మోగించడం, మరో సైగతో టక్కున ఆపడం అలవాటు. అందరికీ తెలిసిన సైగ వుందంటే అక్కడ అరాచకం లేదన్నమాట.

ఈ వరుస చివరికి వచ్చేసరికి నాకు బోధపడింది ఇది: 1972 నాటి 'గోల'లో వున్న క్రమం 1959 నాటి 'చక్కదనం'లో వున్న క్రమమే. అది పెరిగింది, విస్తరించింది, మధ్యలో తెగలేదు. మంచి సంకలనం చేసే ఉపకారం ఇదే. విడివిడిగా వింటే తెలియని దారాన్ని చూపిస్తుంది.

సంకలనం వదిలేసినవి

అయితే మెచ్చుకోలుతోనే ముగిస్తే అది విమర్శ కాదు. నూరు ఆల్బములకు 20 రచనలు ఏ మూలకు? 1965లో రికార్డు చేసిన 'ది మ్యాజిక్ సిటీ' ఒక్కటే రికార్డు ఒక పక్కంతా, 27 నిమిషాల పైచిలుకు సాగుతుంది. పుట్టిన ఊరి రైల్వే స్టేషను బోర్డు మీది పేరు అది. ఆయన సాహసం పూర్తిగా తెలియాలంటే దాన్ని వినక తప్పదు. అంత పొడుగు రచనకు ఇలాంటి సంకలనంలో చోటు దొరకదు. 1970 ప్రాంతంలో, అప్పుడప్పుడే పుట్టిన మూగ్ సింథసైజరును తెచ్చుకుని ఆయన చేసిన ఒంటరి ప్రయోగాల ఘాటు కూడా దీనివల్ల తెలియదు.

రెండోవైపు, చిన్న రికార్డుల మీద వచ్చిన పాటల్ని ఏరి 1996లో 'ది సింగిల్స్' పేరుతో వేరే సంకలనం వచ్చింది. అందులో కుర్రకారు ప్రేమపాటలు, బ్లూస్ పాటలు కూడా వున్నాయి! వీధిలో నలుగురు కుర్రాళ్లు గొంతు కలిపి పాడుకునే పాటకు కూడా ఈ శనిగ్రహవాసి శ్రద్ధగా బాణీ దిద్దాడు. ఈ రెండు సంకలనాలూ పక్కపక్కన పెట్టుకుంటే మనిషి ఎత్తూ వెడల్పూ కొంత తెలుస్తాయి.

మన సంగతి ఏమిటి?

ఇక నేను అసలు చెప్పదలచిన మాట. సన్ రా బతికి వుండగా 1982లో అమెరికా ప్రభుత్వం జాజ్ మాస్టర్ గౌరవం ఇచ్చింది. 2022లో ఫిలడెల్ఫియా నగరం ఆ వరస ఇంటిని చారిత్రక కట్టడంగా గుర్తించింది. 2024లో మార్షల్ అలెన్‌కు నూరేళ్లు నిండాయి. 2025లో తన సొంత పేరుతో తొలి ఆల్బం తెచ్చాడు. ఆ సంగీతం నిలిచింది. ఎందుకు నిలిచింది? టేపులు దాచినవారు వుండబట్టి. అట్ట మీద లేని తేదీలను, పేర్లను ఏళ్ల తరబడి వెతికి రాసినవారు వుండబట్టి. తొంభై ఏళ్ల వయసులో కూర్చుని "ఇది ముందు, ఇది తర్వాత" అని చెప్పగల శిష్యుడు వుండబట్టి.

మనకూ వాద్యబృందాలను నడిపిన ప్రయోగశీలురు వున్నారు. ద్రాక్షారామంలో 1922లో పుట్టిన వైణికులు ఈమని శంకరశాస్త్రిగారు ఢిల్లీలో ఆకాశవాణి జాతీయ వాద్యబృందానికి స్వరకల్పన చేసి నడిపారు. 1952లో రవిశంకర్ నాయకత్వంలో మొదలైన బృందం అది. హిందుస్తానీ, కర్ణాటక వాద్యాల్ని ఒకే వేదిక మీద కూర్చోబెట్టి, ఒకరి మాట ఒకరికి అర్థమయ్యేలా రాయడం సామాన్యమైన పని కాదు. 1987లో ఆయన వెళ్లిపోయారు. రేడియో సంగీతం ఒక పూట మోగి గాలిలో కలిసే సంగీతం. దాన్ని వరుసగా కూర్చి, వివరణ రాసి, విద్యార్థుల చేతికి అందేలా చేయడం ఎవరో ఒకరి పని కావాలి.

అంత దూరం కూడా పోనక్కర లేదు. వినాయక నిమజ్జనం నాడు మన సరూర్‌నగర్ చెరువు కట్టమీద నిలబడి చూడండి. డప్పులు, మర్ఫాలు, ట్రంపెట్లు పట్టిన బ్యాండు మేళాలు వరుసగా పోతుంటాయి. ట్రంపెట్ ఊదే పెద్దాయన సినిమా బాణీ మధ్యలో తన సొంత గమకం ఒకటి వేస్తాడు. జనం ఊగిపోతారు. ఆయన పేరు ఎవరూ అడగరు. పెళ్లిలో ఆయన అందరికంటే ముందు నడుస్తాడు, భోజనాల దగ్గర అందరికంటే చివర కూర్చుంటాడు. సన్ రా పుట్టిన ఊరిలో నల్ల వాద్యకారులది కూడా ఇదే గతి. విందు మందిరంలో వాయించాలి, వంటగది తలుపులోంచి రావాలి. శనిగ్రహం అక్కడి నుంచే పుట్టింది.

కనుక విద్యార్థి సంఘం ముందు ఒక చిన్న సూచన పెడుతున్నాను. ప్రతి ఏడూ వార్షికోత్సవానికి బ్యాండు మేళాన్ని పిలుస్తాం. ఈసారి పిలిచినప్పుడు సెల్‌ఫోనులోనైనా సరే శుభ్రంగా రికార్డు చేద్దాం. మాస్టారి పక్కన కూర్చుని, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఏ బాణీ ఎక్కడిది, ఎవరు ఏ వాద్యం అని అడిగి, తేదీతో సహా రాసి లైబ్రరీలో పెడదాం. ఏటా ఒక బృందం చొప్పున పదేళ్లు చేస్తే పది బృందాలు. అప్పుడు వాటిలోంచి ఏరి కూర్చే పని మనకంటే ఆ మాస్టార్లే బాగా చేస్తారు. వాళ్ల చేతనే చేయించాలి.

పేరూ తేదీ లేని టేపు అనాథ. దాన్ని అనాథ కాకుండా చేయడానికి శాస్త్రజ్ఞానం అక్కర లేదు, ఒక కలం చాలు. మన తరువాత ఈ కాలేజీకి వచ్చే తమ్ముళ్లు, చెల్లెళ్లు మన పేట సంగీతాన్ని పేర్లతో సహా వినగలిగితే, ఈ వ్యాసం రాసిన శ్రమ ఫలించినట్టే. సెలవు.